పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఉబ్బుతూ తగ్గుతూ వెలిగే ఆర్‌ఆర్ లైరే

కాంతి మారుతూ ఉండే చరకాంతి నక్షత్రాల గురించి ఇటీవల ప్రచురించిన వ్యాసంలో ఆర్‌ఆర్ లైరే అనే నక్షత్రం ప్రస్తావన రెండు మూడు వాక్యాలతోనే ముగిసింది. కంటికి ఆనని అంత చిన్న చుక్క గురించి అన్ని వివరాలు ఎలా తెలిశాయని పాఠకులు గట్టిగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ నక్షత్రానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆర్‌ఆర్ లైరే కాంతి 13 గంటల 36 నిమిషాలకు ఒకసారి రెండింతలకు పైగా పెరిగి తగ్గుతుందని రాశారు. పక్కన మరో నక్షత్రం తిరుగుతూ దానికి అడ్డం వస్తోందని ఎందుకు అనుకోకూడదు? నక్షత్రమే ఉబ్బి తగ్గుతోందని ఎలా తేల్చారు?

జవాబు: మీకు వచ్చిన సందేహమే వందేళ్ళ క్రితం ఖగోళ శాస్త్రజ్ఞులకూ వచ్చింది. ఈ నక్షత్రం కాంతి మారుతోందని హార్వర్డ్ వేధశాలలో ఫోటో పలకలను పరిశీలిస్తూ విలియమీనా ఫ్లెమింగ్ కనిపెట్టారు. 1901లో ఆ సంగతి ప్రకటించారు. అప్పట్లో ఇలాంటి నక్షత్రాలను జంట నక్షత్రాలుగానే భావించేవారు. నక్షత్రం కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలోని గీతలు కాసేపు నీలం వైపుకు, కాసేపు ఎరుపు వైపుకు జరుగుతుండడంతో, నక్షత్రం ఒక కక్ష్యలో మన వైపు వస్తూ, దూరంగా పోతూ ఉందని అర్థం చెప్పుకున్నారు. 1914లో అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు హార్లో షాప్లీ ఈ వివరణ నిలబడదని వాదించాడు.

ఆ వాదనలోని బలం తెలియాలంటే చిన్న లెక్క వేసి చూడాలి. 13 గంటల 36 నిమిషాలలో ఒక చుట్టు పూర్తిచేసే జంట ఉందనుకుందాం. రెండింటి మొత్తం ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశిలో 0.7 వంతు అయితే, కక్ష్య కాలాన్ని, దూరాన్ని, ద్రవ్యరాశిని ముడిపెట్టే కెప్లర్ మూడో నియమం ప్రకారం వాటి మధ్య దూరం సుమారు 18 లక్షల కిలోమీటర్లు ఉండాలి. ఆర్‌ఆర్ లైరే వ్యాసార్ధమే దాదాపు 37 లక్షల కిలోమీటర్లు. అంటే తోడు నక్షత్రం ఇంకొక నక్షత్రం కడుపులో తిరగవలసి వస్తుంది. మొత్తం ద్రవ్యరాశిని సూర్యుడికి రెండింతలుగా తీసుకున్నా ఆ దూరం సుమారు 25 లక్షల కిలోమీటర్లే. జంట నక్షత్రాల ఊహకు ఇక్కడే చోటు లేకుండా పోయింది.

మిగిలిన ఆధారాలు కూడా ఇదే చెబుతాయి. ఒక నక్షత్రాన్ని మరొకటి కప్పినప్పుడు కాంతి తగ్గడానికీ తిరిగి పెరగడానికీ సుమారుగా ఒకే సమయం పడుతుంది. ఆర్‌ఆర్ లైరే విషయంలో అలా జరగదు. కాంతి రెండున్నర గంటల ప్రాంతంలో నిటారుగా పైకెక్కి, మిగిలిన పదకొండు గంటలూ మెల్లగా దిగుతుంది. కాంతితో పాటు రంగు కూడా మారుతుంది. అత్యంత ప్రకాశవంతంగా ఉన్నప్పుడు అది తెల్లగా, వేడిగా ఉంటుంది; మసకబారినప్పుడు పసుపు వైపుకు మొగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, ఉపరితలం మన వైపుకు అత్యంత వేగంగా దూసుకొచ్చే సమయమూ కాంతి గరిష్ఠానికి చేరే సమయమూ దాదాపు ఒకటే కావడం. నక్షత్రం పెద్దదైనప్పుడే కాంతి ఎక్కువగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి అది ఇంకా చిన్నగా, వేడిగా ఉండి విస్తరించడం మొదలుపెట్టినప్పుడే ఎక్కువగా వెలుగుతుంది; పూర్తిగా ఉబ్బేసరికి చల్లబడి మసకబారుతూ ఉంటుంది. ఎందుకంటే ఉపరితలం వెదజల్లే కాంతి వ్యాసార్ధానికి వర్గంగానూ, ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంగానూ పెరుగుతుంది. అంచేత పరిమాణంలో వచ్చే మార్పు కన్నా వేడిలో వచ్చే మార్పుదే పైచేయి.

ప్రశ్న: ఉబ్బి తగ్గే ఏ వస్తువైనా కొంతసేపటికి ఆగిపోవాలి కదా. ఈ నక్షత్రం నూరేళ్ళకు పైగా అదే లయలో ఎలా కొనసాగుతోంది?

జవాబు: ఆగిపోవాలన్న మీ ఊహ సరైనదే. ఎవరూ తోయని ఉయ్యాల మెల్లగా నిలిచిపోతుంది. ప్రతిసారీ సరైన క్షణంలో చిన్న తోపు అందితే మాత్రం ఊగుతూనే ఉంటుంది. నక్షత్రంలో ఆ తోపు ఇచ్చేది హీలియం.

మామూలుగా నక్షత్రంలోని ఒక పొరను అదిమితే అది వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ కాంతిని సులువుగా బయటికి పోనిస్తుంది. అదనంగా చేరిన వేడి కారిపోతుంది కాబట్టి కదలిక చల్లారిపోతుంది. చాలా నక్షత్రాలు కదలకుండా ఉండడానికి కారణం ఇదే. అయితే ఉపరితలానికి కొంచెం లోపల, ఉష్ణోగ్రత 40,000 కెల్విన్ల ప్రాంతంలో ఉండే ఒక పొరలో హీలియం సగం అయనీకరణ చెంది ఉంటుంది. అంటే అక్కడి పరమాణువులు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని, రెండోదాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ పొరను అదిమినప్పుడు చేరిన శక్తిలో చాలా భాగం రెండో ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికే ఖర్చవుతుంది. దాంతో ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు, సాంద్రత మాత్రం పెరుగుతుంది, పొర కాంతికి మరింత అడ్డుగా నిలుస్తుంది. లోపలి నుంచి వచ్చే వేడి అక్కడ చిక్కుకుని, పీడనం పెరిగి, పై పొరలను బయటికి నెడుతుంది. పొర విస్తరించినప్పుడు ఎలక్ట్రాన్లు తిరిగి పరమాణువులలో చేరి, అడ్డు తొలగి, నిలవ ఉన్న శక్తి బయటపడుతుంది. ఇక పై పొరలు తమ బరువుకు తామే లోపలికి పడతాయి, మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇలాంటి యంత్రాంగం ఏదో ఉండాలని ఆర్థర్ ఎడింగ్టన్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలోనే ఊహించాడు. ఆ పని చేసేది హీలియం అని 1953లో సెర్గెయ్ జెవాకిన్ చూపించాడు. ఆ పొర ఎంత లోతున ఉందన్నదే ఇందులో కీలకం. నక్షత్రం మరీ వేడిగా ఉంటే పొర ఉపరితలానికి అతి దగ్గరగా వచ్చేస్తుంది. అక్కడ ఉండే వాయువు పల్చన కాబట్టి దాని తోపు చాలదు. మరీ చల్లగా ఉంటే బయటి పొరలు మరుగుతున్న నీటిలా కలబడి, శక్తిని మరో దారిలో మోసుకుపోతాయి, తోపు నీరుగారిపోతుంది. సుమారు 6,000 నుంచి 7,500 కెల్విన్ల మధ్యనున్న ఇరుకైన పట్టీలోనే ఇదే పేరుతో పిలిచే ఈ జాతి నక్షత్రాలు స్పందిస్తాయి, అంటే ఉబ్బి తగ్గుతాయి. ఆర్‌ఆర్ లైరే సరిగ్గా అందులో ఉంది.

పై పొరలు లోపలికి పడే దశలో మరో విశేషం జరుగుతుంది. పడుతున్న వాయువు, అప్పటికే పైకి లేవడం మొదలుపెట్టిన పొరను ఢీకొని ఆఘాత తరంగం పుడుతుంది. ఆ కొద్దిసేపూ వర్ణపటంలో నల్లగా ఉండవలసిన హైడ్రోజన్ గీత ప్రకాశవంతంగా మెరుస్తుంది. నక్షత్ర వాతావరణం ఎంత హింసాత్మకంగా కదులుతోందో ఆ ఒక్క గీత చెబుతుంది.

ప్రశ్న: దాని వ్యాసార్ధం, బరువు, సాంద్రత అంటూ సంఖ్యలు ఇస్తారు. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదాన్ని ఎవరు తూచారు? ఈ సంఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: అన్ని సంఖ్యలకూ ఒకే నమ్మకం చెల్లదు. కొన్ని నేరుగా కొలిచినవి, కొన్ని కొలతల నుంచి లెక్కగట్టినవి, కొన్ని సిద్ధాంతం మీద ఆధారపడి నిలబడ్డవి. పట్టికలు అన్నిటినీ ఒకే వరసలో రాసేయడం వల్ల ఆ తేడా కనబడదు.

అన్నిటికన్నా గట్టిది ఆవర్తన కాలం: సుమారు 0.5669 రోజు. వందేళ్ళకు పైగా వేల చుట్లు లెక్కించారు కాబట్టి ఇందులో అనుమానానికి తావు తక్కువ. తర్వాత దూరం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు నక్షత్రం స్థానంలో కనిపించే అతి చిన్న జరుగుబాటును పట్టి దూరం కొలుస్తారు. ఆర్‌ఆర్ లైరే విషయంలో అది ఒక సెకను కోణంలో వెయ్యింట నాలుగు వంతుల మేర ఉంటుంది. సెకను కోణం అంటే డిగ్రీలో 3,600వ వంతు. హబుల్ దూరదర్శినితో 2002లో వెలువడిన కొలత సుమారు 850 కాంతి సంవత్సరాలని చెప్పింది. 2018లో, నక్షత్రాల స్థానాలను కొలిచే గయా ఉపగ్రహం రెండో జాబితా మాత్రం ఈ నక్షత్రం జరుగుబాటుకు రుణ విలువ ఇచ్చింది, అంటే అర్థంలేని దూరం. కాంతి మారే నక్షత్రం కావడంతో దాని ప్రకాశాన్ని ఆ జాబితా తప్పుగా అంచనా వేయడమే దానికి కారణం. తర్వాతి జాబితాలో సవరించిన విలువ ప్రకారం దూరం సుమారు 820 కాంతి సంవత్సరాలు. పాత పుస్తకాలలో, కొత్త పుస్తకాలలో అంకెలు కలవకపోతే కంగారు పడనక్కరలేదు.

దూరం తెలిస్తే అసలు కాంతి తెలుస్తుంది. మనకు కంటికి ఆనకపోయినా ఆర్‌ఆర్ లైరే నిజానికి సూర్యుడి కన్నా 40 నుంచి 50 రెట్లు ఎక్కువ కాంతినిస్తుంది. వర్ణపటం నుంచి ఉష్ణోగ్రత తీసుకుని ఆ కాంతితో కలిపితే వ్యాసార్ధం వస్తుంది: సూర్యుడికి అయిదు రెట్లకు కొంచెం పైన. దీన్ని మరో దారిలో కూడా సరిచూడవచ్చు. ఉపరితలం ఏ క్షణాన ఎంత వేగంతో కదులుతోందో వర్ణపటం చెబుతుంది. ఆ వేగాలను చుట్టు పొడవునా కూడితే నక్షత్రం ఎన్ని కిలోమీటర్లు ఉబ్బిందో తేలుతుంది. ఆర్‌ఆర్ లైరేలో ఆ తేడా సుమారు 6, 7 లక్షల కిలోమీటర్లు, అంటే దాదాపు సూర్యుడి వ్యాసార్ధమంత. వాల్టర్ బాడె 1926లో సూచించి, 1946లో వెస్సెలింక్ మెరుగుపరచిన ఈ పద్ధతి నాకు ఈ రంగంలోకెల్లా అందమైనదిగా తోస్తుంది. కాంతి, రంగు, వేగం అనే మూడు కొలతలను కలిపితే నక్షత్రం పరిమాణం దూరంతో నిమిత్తం లేకుండానే బయటపడుతుంది.

ఇక సాంద్రత. ఇక్కడ ఆవర్తన కాలం మళ్ళీ అక్కరకొస్తుంది. స్పందించే గోళం ఎంత పల్చగా ఉంటే అంత నెమ్మదిగా ఊగుతుంది. ఆవర్తన కాలాన్ని సగటు సాంద్రత వర్గమూలంతో గుణిస్తే, ఒకే జాతికి చెందిన నక్షత్రాలన్నిటికీ దాదాపు ఒకే విలువ వస్తుంది. సాంద్రతను సూర్యుడితో పోల్చి తీసుకుంటే ఈ జాతికి ఆ విలువ 0.04 రోజుకు దగ్గరగా ఉంటుంది. 0.04ను 0.567తో భాగించి వర్గం చేస్తే, ఆర్‌ఆర్ లైరే సగటు సాంద్రత సూర్యుడి సాంద్రతలో సుమారు 200వ వంతు అని తేలుతుంది. ఘనమీటరుకు 6, 7 కిలోలు, అంటే మనం పీల్చే గాలికి అయిదారు రెట్లు మాత్రమే. గడియారం చేతబట్టుకుని కాంతిని గమనించడంతోనే ఇంత దూరం రాగలిగాం. అయితే ఇది సగటు మాత్రమేనని మరిచిపోకూడదు. నడిమధ్య హీలియం మండుతున్న గర్భంలో ఉష్ణోగ్రత 10 కోట్ల కెల్విన్ల మేర ఉంటుంది, ఒక్క ఘన సెంటీమీటరు వేల గ్రాములు తూగుతుంది. నక్షత్రం బరువులో చాలా భాగం ఆ చిన్న గర్భంలోనే ఉంది. మిగిలిన విశాలమైన బయటి భాగం దాదాపు ఆవిరి.

అన్నిటికన్నా బలహీనమైన సంఖ్య ద్రవ్యరాశి. చుట్టూ తిరిగే తోడు లేదు కాబట్టి నేరుగా తూచే దారి లేదు. ఈ జాతిలోనే కొన్ని నక్షత్రాలు ఒకేసారి రెండు లయలలో స్పందిస్తాయి. ఆ రెండు కాలాల నిష్పత్తి 0.745 ప్రాంతంలో ఉంటుంది. ఆ నిష్పత్తి ద్రవ్యరాశిని బట్టి సూక్ష్మంగా మారుతుంది కాబట్టి, వాటి బరువును సిద్ధాంతం సాయంతో అంచనా కట్టవచ్చు. ఆర్‌ఆర్ లైరే ఒకే ప్రధాన లయలో ఊగుతుంది కనుక ఆ సదుపాయం దానికి లేదు. సూర్యుడిలో 0.6 నుంచి 0.7 వంతు అన్నది నక్షత్రాల పరిణామ సిద్ధాంతం, స్పందన సిద్ధాంతం కలిసి చెప్పే మాట. పట్టికలో ద్రవ్యరాశిని మూడు దశాంశ స్థానాలతో చూపితే దాన్ని కొంచెం జాగ్రత్తగా చదవండి.

దాని వర్ణపటంలో లోహాల గీతలు పేలవంగా ఉంటాయి. ఇనుము సూర్యుడిలో ఉన్నదానికి సుమారు 25వ వంతు. లోహాలు ఇంకా అంతగా పేరుకోని రోజుల్లో, అంటే 1,000 కోట్ల సంవత్సరాలకు ముందు పుట్టిన నక్షత్రమని దాన్ని బట్టే చెబుతారు.

ప్రశ్న: బ్లాష్కో ప్రభావం అంటే ఏమిటి?

జవాబు: 1907లో సెర్గెయ్ బ్లాష్కో ఆర్‌డబ్ల్యూ డ్రాకోనిస్ అనే ఇదే జాతి నక్షత్రంలో ఒక వింత గమనించాడు. కాంతి గరిష్ఠానికి చేరే సమయం క్రమంగా ముందుకూ వెనక్కూ జరుగుతోంది. ఆర్‌ఆర్ లైరేలో కూడా అదే జరుగుతుందని 1916లో షాప్లీ చూపించాడు. దాని స్పందన ఎత్తు, ఆకారం రెండూ సుమారు 40 రోజులకు ఒకసారి పెరిగి తరుగుతాయి. ఎందుకు అన్నదాని మీద శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని ఈ నక్షత్రాన్ని ఎడతెగకుండా గమనించాక 2010లో మరో సంగతి బయటపడింది: కొన్ని దశలలో కాంతి గరిష్ఠాలు ఒకటి ఎత్తుగా, తర్వాతది కొంచెం పొట్టిగా, మళ్ళీ ఎత్తుగా వస్తున్నాయి. భూమి మీద నుంచి చూసేవారికి ఒక గరిష్ఠం రాత్రి వస్తే తర్వాతది చాలాసార్లు పగలు వస్తుంది కనుక, వందేళ్ళ పాటు ఇది ఎవరి కంటా పడలేదు. ప్రధాన లయకూ, దానికన్నా వేగంగా ఊగే తొమ్మిదో ఉపరిలయకూ మధ్య కుదిరిన అనునాదమే (ఒకదాని ఊపుకు మరొకటి తాళం కలపడమే) దీనికి కారణమని లెక్కలు సూచిస్తున్నాయి. బ్లాష్కో ప్రభావానికి కూడా మూలం అక్కడే ఉండవచ్చన్న వాదన నాకు సబబుగానే కనిపిస్తోంది, కానీ అది ఇంకా వాదన మాత్రమే.

ప్రశ్న: ఇంత మసక నక్షత్రాలకు ఇంత ప్రాధాన్యం దేనికి?

జవాబు: ఈ జాతి నక్షత్రాలన్నిటి అసలు కాంతి దాదాపు ఒకటే కావడం వల్ల. ఎక్కడ కనిపించినా కాంతి మారే తీరును చూపే గీతను (కాంతి వక్రాన్ని) చూసి గుర్తుపట్టవచ్చు, ఎంత మసకగా ఉందో చూసి దూరం చెప్పవచ్చు. నక్షత్రాలు గుండ్రంగా కిక్కిరిసి ఉండే గోళాకార నక్షత్ర గుచ్ఛాలలో ఇవి విరివిగా ఉంటాయి; వాటి ఆధారంగానే సూర్యుడు పాలపుంత నడుమ లేడని 1918 నాటికి షాప్లీ తేల్చాడు. దీనికన్నా ఆసక్తికరమైనది అవి కనబడకపోవడం వల్ల తెలిసిన సంగతి. పాలొమార్ పర్వతం మీది 200 అంగుళాల దూరదర్శినితో ఆండ్రోమెడా గెలాక్సీలో ఈ నక్షత్రాలు కనబడి తీరాలని బాడె ఎదురుచూశాడు. కనబడలేదు. అప్పటిదాకా నమ్మిన దూరమే తప్పని, గెలాక్సీలు అనుకున్నదానికి రెండింతల దూరంలో ఉన్నాయని 1952లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశంలో ఆయన వెల్లడించాడు.

ప్రశ్న: మామూలు బైనాక్యులర్‌తో దీన్ని చూడవచ్చా? మార్పు తెలుస్తుందా?

జవాబు: తప్పకుండా చూడవచ్చు. దాని ప్రకాశ పరిమాణం 7.06కూ 8.12కూ మధ్య మారుతుంది; ఈ అంకె ఎంత పెద్దదైతే చుక్క అంత మసక. కంటికి కనిపించే హద్దు సుమారు 6. కాబట్టి చీకటి ఆకాశంలో చిన్న బైనాక్యులర్ సరిపోతుంది. అభిజిత్ నక్షత్రం నుంచి హంస మండలంలోని డెల్టా సిగ్నీ వైపుకు చూపు సాగిస్తే, డెల్టా సిగ్నీకి నాలుగు డిగ్రీల ఇవతల, లైరా మండలం అంచున ఇది ఉంటుంది. చుట్టుపక్కల చుక్కలలో సరైనదాన్ని పట్టుకోవడానికి పటం ఉండాలి. 1911లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ అలాంటి పటాలను, పోల్చుకోవడానికి పనికొచ్చే స్థిరకాంతి నక్షత్రాల ప్రకాశ పరిమాణాలతో సహా, ఉచితంగా ఇస్తుంది.

కాంతి దిగే దశలో మార్పు నెమ్మదిగా ఉంటుంది కనుక, ఒక గంట చూసి ఏమీ మారలేదని నిరుత్సాహపడేవారు చాలామంది. ఎక్కే దశను పట్టుకోండి. రెండు చుట్లకు 27 గంటల 12 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రాత్రి 8 గంటలకు గరిష్ఠం చూస్తే రేపు అది 11 గంటల 12 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. నాలుగు రోజుల తర్వాతి రాత్రికి 7 చుట్లు పూర్తవుతాయి. అప్పుడు మొదటి రోజు కన్నా సుమారు ముప్పావు గంట ముందే వస్తుంది. 17 రోజులలో 30 చుట్లు దాదాపు సరిగ్గా ఇముడుతాయి కనుక పదిహేడు రోజుల తర్వాతి రాత్రి గరిష్ఠం తిరిగి 8 గంటలు దాటిన పది నిమిషాలలోపే ఉండాలి. బ్లాష్కో ప్రభావం వల్ల మీ గడియారానికీ ఈ లెక్కకూ కొంత తేడా రావచ్చు. అప్పుడు మీరు నమోదు చేసిన సమయాన్ని లెక్కకు సరిపెట్టేలా దిద్దకుండా, చూసింది చూసినట్టే రాసి ఉంచుకోండి. గరిష్ఠానికి మూడు గంటల ముందు నుంచి ప్రతి పావుగంటకూ రెండు స్థిరకాంతి నక్షత్రాలతో పోల్చి చూస్తే, మొదట్లో వాటిలో మసకదానికి దగ్గరగా ఉన్న చుక్క ప్రకాశవంతమైనదాన్ని అందుకోవడం మీ కళ్ళకే తెలుస్తుంది.